విడుదల ముందు, ఆజ్ఞ తర్వాత

దేవునికి లోబడటం, స్వేచ్ఛగా బతకటం ఒకే ఒరలో ఇమడని రెండు కత్తులని చాలామంది అనుకుంటారు. దేవుణ్ణి నమ్మని నా స్నేహితులైతే పైకే అంటారు: "మీ మతం నిండా 'చేయకూడదు'లే కదా, ఇంక నీ సొంత బుద్ధితో పనేముంది?" క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా లోలోపల అదే అనుకుంటారు, కాకపోతే పైకి అనరు. ఇద్దరి లెక్కా ఒకటే. మనిషి దగ్గర కొంత స్వేచ్ఛ ఉంది, దానిలోంచి కొంత తీసి దేవునికి ఇచ్చేస్తే భక్తి, ఎక్కువ ఇచ్చేస్తే ఎక్కువ భక్తి. మొదటివాళ్ళు ఇవ్వం అంటారు, రెండోవాళ్ళు మూలుగుతూ ఇస్తారు.

ఈ లెక్కే తప్పని నా వాదన. బైబిలు చెప్పే విధేయత స్వేచ్ఛలోంచి కోసి ఇచ్చే ముక్క కాదు. స్వేచ్ఛ దొరికినవాడే లోబడగలడు. దొరకనివాడు భయపడగలడు, అంతే.

దీనికి ప్రసంగాల్లో వినిపించే జవాబు ఒకటుంది. గాలిపటం, దారం. దారం తెగితే గాలిపటం ఎగరదు, పడిపోతుంది, కాబట్టి దేవుని కట్టడలే మనల్ని ఎగరనిస్తాయి అంటారు. యూత్ మీటింగులకు వెళ్ళినవాళ్ళెవరికైనా ఇది కంఠతా వచ్చే ఉంటుంది. నాకు ఈ ఉదాహరణ ఎప్పుడూ నచ్చలేదు. గాలిపటానికి ఇష్టాయిష్టాలు లేవు. అది దారం పట్టుకున్నవాడి సరదా కోసం ఎగురుతుంది. దేవుడు మనిషిని అలా చేసుకుని ఉంటే ఆజ్ఞ ఇవ్వాల్సిన పనే లేదు. ఆజ్ఞ అనేది కాదనగలిగినవాడికే ఇస్తారు.

ఆదికాండం రెండో అధ్యాయం చూడండి. మనిషితో దేవుడు చెప్పిన మొదటి ఆజ్ఞ ఏమిటి అని అడిగితే "ఆ చెట్టు పండు తినకూడదు" అని టక్కున చెప్తాం. కానీ ఆ మాటకు ముందు వాక్యం వేరే ఉంది: తోటలో ఉన్న ప్రతి చెట్టు పండూ నిరభ్యంతరంగా తినవచ్చు. అనుమతి ముందు, విశాలంగా. నిషేధం తర్వాత, ఒక్క చెట్టుకి. మూడో అధ్యాయంలో సర్పం వచ్చి చేసిన పని ఈ నిష్పత్తిని తలకిందులు చేయడమే. "ఈ తోట చెట్లలో దేని పండూ తినకూడదని దేవుడు చెప్పాడట, నిజమేనా?" అని అడిగింది. అబద్ధం కూడా కాదు, ప్రశ్న. ఆ ప్రశ్న తర్వాత హవ్వ కళ్ళకి తోట కనిపించలేదు, ఒక్క చెట్టే కనిపించింది. నా స్నేహితుల ప్రశ్న కూడా ఆ ధోరణిలోదే అంటే వాళ్ళకి కోపం వస్తుంది గానీ, నిజానికి తప్పు వాళ్ళది కాదు. క్రైస్తవులమే దేవుణ్ణి వాళ్ళకి అలా పరిచయం చేశాం.

సండే స్కూల్లో పది ఆజ్ఞలు బట్టీ పట్టిస్తారు. "నేను తప్ప వేరొక దేవుడు నీకుండకూడదు" అని మొదలుపెడతాం. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయం అక్కడ మొదలవదు. రెండో వచనంలో దేవుడు తనెవరో చెప్తాడు: దాసుల గృహమైన ఐగుప్తు (ఈజిప్టు) దేశంలోంచి నిన్ను బయటికి తెచ్చిన నీ దేవుణ్ణి నేనే. యూదులు ఈ వాక్యాన్నే పది మాటల్లో మొదటిదిగా లెక్కపెడతారు. మనం మాత్రం దాన్ని ముందుమాటలా దాటేస్తాం. ఆ వాక్యం తీసేస్తే మిగిలేది ఒక యజమాని నోటీసు బోర్డు. అది ఉంటే అంతా మారిపోతుంది. ఆజ్ఞలు వచ్చేసరికే, ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలు జనం సముద్రం దాటి వచ్చేశారు. "ఇవి పాటిస్తే మిమ్మల్ని విడిపిస్తాను" అని దేవుడు ఐగుప్తులో షరతు పెట్టలేదు. విడిపించాక, "విడుదలైనవాళ్ళు ఇలా బతుకుతారు" అని కొండ దగ్గర చెప్పాడు.

ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞలిచ్చే తీరుతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఐదో అధ్యాయంలో గడ్డి ఇవ్వడం ఆపేస్తాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించడు. జనం మూడు రోజుల ప్రయాణం వెళ్ళి తమ దేవుణ్ణి ఆరాధించుకుంటామంటే "సోమరులు కాబట్టే అలా అడుగుతున్నారు" అంటాడు. తర్వాత తెగుళ్ళ మధ్య బేరాలు మొదలవుతాయి. మగవాళ్ళు మాత్రం వెళ్ళండి అంటాడు. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి గానీ మందలు ఇక్కడే ఉంచండి అంటాడు. జనాన్ని నడిపించే మోషే, ఒక్క డెక్క కూడా విడిచిపెట్టేది లేదంటాడు. ఈ బేరాలు చదివినప్పుడల్లా నాకు ఒకటి అనిపిస్తుంది: బానిసత్వం ఎప్పుడూ ఒక్కసారిగా వదలదు, ఏదో ఒకటి తన దగ్గర ఉంచుకుని పంపుతుంది. ఇంకో సంగతి, మోషే అడిగింది వట్టి విడుదల కాదు. "నన్ను సేవించుటకు నా జనులను పోనిమ్ము" అన్నది దేవుని మాట. ఒక సేవ నుంచి ఇంకో సేవకి. ఎవరి సేవా లేని స్థితి ఒకటుందని బైబిలు ఎక్కడా ఆశ పెట్టదు. మొదట్లో నాకిది కాస్త నిరాశగానే ఉండేది.

ఆ కొత్త సేవ ఎలాంటిదో నాలుగో ఆజ్ఞలో బాగా తెలుస్తుంది. విశ్రాంతి దినం. నిర్గమకాండంలో దానికి కారణం సృష్టి: దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజున విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయంలో అదే ఆజ్ఞ మళ్ళీ వస్తుంది, కారణం మారుతుంది: నువ్వు ఐగుప్తులో దాసుడివై ఉన్నావని జ్ఞాపకం చేసుకో. నువ్వే కాదు, నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు, నీ గాడిద, నీ ఇంట్లో ఉన్న పరదేశి కూడా ఆ రోజు ఆగాలి. పని ఆపే హక్కు లేకపోవడమే బానిస లక్షణం కదా. అందుకే పని ఆపమన్న ఈ ఆజ్ఞకు లోబడిన ప్రతివాడూ వారానికోసారి తను బానిస కాదని చేసి చూపిస్తాడు. తన కింద పనిచేసేవాళ్ళు కూడా బానిసలు కారని ఒప్పుకుంటాడు.

దీన్ని మన రోజుల్లోకి తెచ్చి చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. ఏ మతమూ అక్కర్లేదు, తాను ఎవరికీ తలవంచనని చెప్పుకునే మనిషి సెలవు రోజున కూడా ఆఫీసు మెసేజీ మోగగానే ఉలిక్కిపడి లేస్తాడు. మొదలే చూడకపోతే టెన్షన్, చూస్తే ఇంకో టెన్షన్. అతనికి యజమాని లేడా? ఉన్నాడు, కాకపోతే ఆ యజమాని ఏడో రోజున ఆగమని చెప్పేరకం కాదు. నేను వారంలో ఒక రోజు పనికి సంబంధించినవేవీ ముట్టుకోను. చూసేవాళ్ళకి అది నా మతం పెట్టిన నిబంధన. నాకైతే మిగతా ఆరు రోజుల్లో లేని స్వేచ్ఛ ఆ రోజే ఉంటుంది. యేసు విశ్రాంతి దినం మనుషుల కోసం గానీ మనుషులు దాని కోసం కాదన్నాడు. ఆ మాటని దినం పాటించకపోవడానికి సాకుగా వాడేవాళ్ళే ఎక్కువ. ఆయన చెప్పింది మాత్రం అది మనకిచ్చిన బహుమానమని.

బైబిల్లో ఎక్కువమంది చదవని ఒక చోటు ఉంది, యిర్మీయా ప్రవక్త గ్రంథం 34వ అధ్యాయం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. రాజు సిద్కియా భయపడి ప్రజలతో నిబంధన చేయించాడు, హెబ్రీ దాసులందరినీ విడిచిపెట్టాలని. ఏడో ఏట దాసుల్ని వదిలేయాలని ధర్మశాస్త్రం ఎప్పుడో చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకున్నారు. దూడను రెండు ముక్కలు చేసి, వాటి మధ్య నడిచి, ప్రమాణం చేసి మరీ వదిలారు. శత్రుసైన్యం కాస్త వెనక్కి తగ్గింది. వెంటనే వదిలినవాళ్ళని మళ్ళీ పట్టుకొచ్చి బానిసల్ని చేసుకున్నారు.

యెహోవా మాట యిర్మీయా నోట వచ్చింది: మీరు మీ సహోదరులకు విడుదల చాటించలేదు కాబట్టి నేను మీకు విడుదల చాటిస్తున్నాను, ఖడ్గానికీ తెగులుకీ కరువుకీ. బైబిల్లో ఇంత చేదు వ్యంగ్యం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. దేవుని మాట వదిలేసి మీకిష్టమైనట్టు ఉండాలనుకున్నారు కదా, ఉండండి, నా చేతిలోంచి కూడా మిమ్మల్ని వదిలేస్తున్నాను అంటున్నాడు. అంతకంటే ముఖ్యం, ఇక్కడ దేవునికి లోబడకపోవడం అంటే ఏమిటో చూడండి. గుడికి వెళ్ళకపోవడం కాదు, పండుగ మానడం కాదు. ఇంకో మనిషి స్వేచ్ఛని లాక్కోవడం. దేవునికి లోబడనివాడు ఖాళీగా ఉండడు, తన కింద ఎవరినో ఒకరిని తొక్కిపెడతాడు. విధేయత వల్ల స్వేచ్ఛ పోతుందనేవాళ్ళు ఎవరి స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నారో కూడా చెప్పాలి. యజమానిదా, దాసుడిదా?

మరి క్రైస్తవులే బానిసల్ని పెట్టుకోలేదా? పెట్టుకున్నారు. చేతిలో బైబిలు పట్టుకునే పెట్టుకున్నారు. దీన్ని దాటవేసి రాసే వ్యాసం నాకు అక్కర్లేదు. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చయింది, బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లో తోటల్లో పనిచేసే ఆఫ్రికా బానిసల కోసం. పూర్తి బైబిలు కాదు, ఎంపిక చేసిన భాగాలు. పాత నిబంధనలో దాదాపు 90 శాతం, కొత్త నిబంధనలో దాదాపు సగం అందులో లేవు. ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులు బయటపడ్డ కథ లేదు. దాసుడని స్వతంత్రుడని తేడా లేదు, క్రీస్తులో అందరూ ఒకటే అనే గలతీయుల వచనం లేదు. దాసులు యజమానులకు లోబడాలనే ఎఫెసీయుల వచనం మాత్రం ఉంది. అదే సంవత్సరం బ్రిటన్ పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని నిషేధించింది, కానీ బానిసత్వాన్ని కాదు.

ఆ పుస్తకం గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. తర్వాత ఆలోచిస్తే అదే పుస్తకం నా వాదనకి అన్నిటికంటే బలమైన సాక్ష్యం అనిపించింది. స్వేచ్ఛ లేని విధేయత కావాలనుకున్నవాళ్ళు బైబిల్ని ఉన్నది ఉన్నట్టు ఇవ్వలేకపోయారు. కత్తెర తీయాల్సి వచ్చింది, అదీ అంత పెద్ద కత్తెర. మొత్తం పుస్తకం చదివిన బానిస ఏమవుతాడో వాళ్ళకి బాగా తెలుసు. మన పండితులకంటే వాళ్ళే బైబిల్ని బాగా అర్థం చేసుకున్నారు.

సరే, స్వేచ్ఛ అంటే అసలేమిటి? మంచీ చెడూ రెండూ చేయగలిగి, ఏదైనా ఎంచుకోగలగడమే స్వేచ్ఛ అని మామూలుగా అంటాం. దీనితో ఒక చిక్కుంది. బైబిల్లో తీతుకు రాసిన పత్రికలో (ఉత్తరంలో) దేవుణ్ణి "అబద్ధమాడజాలని దేవుడు" అన్నారు. అంటే ఆయనకి మనకున్నంత స్వేచ్ఛ కూడా లేదా? నేను పొద్దున్న లేచింది మొదలు అబద్ధం ఆడగలను, ఆయన ఆడలేడు. ఆ లెక్కన ఆయనకంటే నేనే స్వతంత్రుణ్ణి కావాలి. ఎవరూ అలా అనరు. అబద్ధం ఆడే అవకాశం ఉండటం వేరు, దాన్ని వదులుకోలేకపోవడం వేరు. ఐదో శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ఈ సంగతినే చెప్పాడు: మొదటి మనిషికి దొరికిన స్వేచ్ఛ పాపం చేయకుండా ఉండగలగడం, చివర్లో పరిశుద్ధులకు దొరికే స్వేచ్ఛ పాపం చేయలేకపోవడం, రెండోదే గొప్పది. పరలోకంలో ఎవరూ దేవునికి ఎదురు తిరగరంటే అక్కడ గేట్లకి తాళాలు వేశారని కాదు, ఎదురు తిరగాలని ఎవరికీ అనిపించదని.

అదే అగస్టీన్ తన ఆత్మకథలో ఒక విచిత్రం గమనించాడు. మనసు చేతిని కదలమంటే చెయ్యి వెంటనే కదులుతుంది, ఆజ్ఞకీ పనికీ మధ్య తేడా కూడా తెలియదు. అదే మనసు మనసునే మారమంటే అది వినదు. ఆజ్ఞ ఇచ్చేదీ అదే, ధిక్కరించేదీ అదే. ఏదైనా అలవాటు మానుకోవడానికి ప్రయత్నించినవాళ్ళకి ఈ వాక్యం వివరించక్కర్లేదు. అపొస్తలుడైన పౌలు రోమా పత్రిక ఏడో అధ్యాయంలో పడ్డ బాధ కూడా ఇదే. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నాను, వద్దనుకున్న కీడే చేస్తున్నాను అంటాడు. బయటినుంచి ఎవరూ ఆపడం లేదు, సంకెళ్ళు లేవు, అయినా స్వేచ్ఛ లేదు. యోహాను ఎనిమిదో అధ్యాయంలో యేసు "సత్యము మిమ్మును స్వతంత్రులనుగా చేయును" అంటే విన్నవాళ్ళు "మేమెప్పుడూ ఎవరికీ దాసులం కాలేదు" అని కస్సుమన్నారు. రోమా సైన్యం వీధుల్లో తిరుగుతుండగా అన్న మాట అది! ఆయన వాళ్ళ రాజకీయాన్ని ఎత్తిపొడవలేదు. పాపం చేసే ప్రతివాడూ పాపానికి దాసుడన్నాడు, అంతే.

ఇక్కడ సిద్ధాంతపరంగా పెద్ద తగువే ఉంది. మనిషి తన బలంతో దేవునికి లోబడగలడని ఆ కాలపు బోధకుడు పెలాగియస్ అంటే అగస్టీన్ ఒప్పుకోలేదు, 418లో కార్తేజీ సభ పెలాగియస్ బోధను తిప్పికొట్టింది. వెయ్యేళ్ళ తర్వాత పండితుడు ఎరాస్మస్, సంఘ సంస్కర్త లూథర్ అదే ప్రశ్న మీద 1524, 1525లో పుస్తకాలు రాసుకుని తిట్టుకున్నారు. ఇవన్నీ విప్పుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. నా పనికి లూథర్ అంతకుముందు 1520లో రాసిన రెండు వాక్యాలు చాలు. క్రైస్తవుడు అందరికంటే స్వతంత్రుడు, ఎవరికీ లోబడినవాడు కాడు. క్రైస్తవుడు అందరికీ దాసుడు, అందరికీ లోబడినవాడు. రెండూ పక్కపక్కనే పెట్టి, రెండూ నిజమేనన్నాడు.

తత్వశాస్త్రం వైపునుంచి వచ్చే గట్టి అభ్యంతరం జర్మన్ తత్వవేత్త కాంట్‌ది. బయటివాడు చెప్పాడని, శిక్షిస్తాడని, బహుమతి ఇస్తాడని చేసే పని నీతి కిందికి రాదని, తన బుద్ధి తనకు తానుగా పెట్టుకున్న నియమానికి లోబడటమే నీతి అని 1785లో ఆయన వాదించాడు. అందులో మొదటి సగానికి నేను రెండు చేతులూ ఎత్తి ఓటేస్తాను. నరకానికి జడిసి నిజం చెప్పేవాడు నిజాన్ని ప్రేమించడు. యిర్మీయా 31లో దేవుడే అన్నాడు కదా, నా ధర్మవిధిని వాళ్ళ హృదయం మీద రాస్తానని. ఆజ్ఞ ఎప్పటికీ బయటే ఉండిపోవాలని దేవునికీ లేదు. రెండో సగం దగ్గరే నాకు తేడా. నా బుద్ధి నాకు నియమాలు పెట్టాలంటే ముందు అది నా చేతిలో ఉండాలి. నాకేం కావాలో నాకు చెప్పేది ప్రకటనలు, తోటివాళ్ళ పోలిక, నలుగురూ ఏమనుకుంటారో అనే భయం. ఇవన్నీ కలిసి నా నోటితో మాట్లాడుతుంటే దాన్ని నా సొంత నిర్ణయం అనుకుంటున్నాను.

అబ్రాహాము సంగతి ఎత్తకుండా ఈ వ్యాసం ముగిస్తే మోసం అవుతుంది. దేవుడు కొడుకుని బలి ఇమ్మన్నాడు, ఆయన కట్టెలు మోయించుకుని కొండ ఎక్కాడు. దేవుడు చెప్తే ఏదైనా చేసేయడమేనా నీతి? నాకు ఈ కథ ఇప్పటికీ సులువుగా మింగుడుపడదు. మింగుడుపడిందని చెప్పేవాళ్ళని చూస్తే కొంచెం భయం కూడా. రెండు సంగతులు మాత్రం గట్టిగా చెప్పగలను. ఒకటి, ఇదే అబ్రాహాము నాలుగు అధ్యాయాల ముందు దేవుడు నాశనం చేయబోయిన సొదొమ పట్టణం కోసం దేవునితోనే వాదించాడు. సర్వలోకానికీ తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అడిగాడు, యాభై నుంచి పదికి బేరమాడాడు. దేవుడు కోప్పడలేదు. అలా వాదించగల మనిషి లోబడటానికీ, నోరెత్తలేని మనిషి లోబడటానికీ తేడా ఉంది. రెండోది, ఆ కథ కత్తి దించడంతో ముగియలేదు, ఆగమన్న మాటతో ముగిసింది. పిల్లల్ని అగ్నిలో వేయడం తనకెప్పుడూ తోచలేదని తర్వాత యిర్మీయా ప్రవక్త చేత ఆయనే చెప్పించాడు. ఈ కథ చూపించి "నేను చెప్పింది ప్రశ్నించకుండా చెయ్యి" అనే మనిషెవరైనా ఎదురైతే, అతను దేవుడు కాడని గుర్తుంచుకుంటే చాలు.

ఆ మనుషుల గురించే ఇప్పుడు. ఒక సంఘంలో కానుకల లెక్కలు అడిగిన ఒక పెద్దాయనకి వేదిక మీదనుంచి జవాబు రావడం నేను విన్నాను: "నేనభిషేకించినవారిని ముట్టకూడదు అని వాక్యం ఉంది, జాగ్రత్త." హాలంతా ఆమెన్ అంది. ఆయన తలవంచుకుని కూర్చున్నాడు. దేవునికి లోబడటం పేరుతో మనుషులు మనుషుల్ని లోబరుచుకునే పద్ధతుల్లో ఇది చాలా పాతది, బాగా పనిచేసేది.

ఆ వచనం 105వ కీర్తనలోది. దాని పైన మూడు వచనాలు చదవండి. అప్పటికి అబ్రాహాము, అతని వంశంవాళ్ళు లెక్కకు కొద్దిమంది, ఆ దేశంలో పరదేశులు, జనం నుంచి జనానికి తిరుగుతున్నవాళ్ళు. వాళ్ళకి ఎవరూ హాని చేయకుండా దేవుడు రాజుల్ని గద్దించాడు. ఆ గద్దింపే ఈ వచనం. అంటే అధికారం ఉన్నవాడితో, దిక్కులేనివాణ్ణి ముట్టుకోవద్దని చెప్పిన మాట. దాన్ని తీసుకుని మైకు చేతిలో ఉన్నవాడు, మైకు లేనివాణ్ణి బెదిరించడానికి వాడుతున్నాడు. ఇంతకంటే అడ్డంగా ఒక వాక్యాన్ని తిప్పడం కష్టం. దావీదు తనని చంపాలని తరిమిన అభిషిక్త రాజు సౌలును చంపలేదు, నిజమే. కానీ సౌలు ఎదుట నిలబడి అతని అన్యాయాన్ని అరిచి మరీ చెప్పాడు, అతని చేతికి చిక్కకుండా దూరంగా పోయాడు. దావీదు రాజయ్యాక తప్పు చేస్తే నాతాను ప్రవక్త "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు, అభిషిక్తుణ్ణి పట్టుకుని. అంతియొకయలో పేతురు తప్పు చేస్తే పౌలు ముఖాముఖి ఎదిరించాడు. కొరింథీయులకు ఆ పౌలే, మీ విశ్వాసం మీద మేము ప్రభువులం కాము అని రాశాడు. లెక్క అడిగితే శాపం తగులుతుందనే బోధ వీళ్ళలో ఎవరికీ తెలిసినట్టు లేదు.

దేవునికి లోబడినవాణ్ణి ఇంకెవరూ లోబరుచుకోలేరు. అధికారంలో ఉన్నవాళ్ళకి నిజమైన విధేయులంటే అందుకే చిరాకు. మగపిల్లల్ని చంపమని ఫరో చెప్తే షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు దేవునికి భయపడి చంపలేదు. ఫరో పేరు ఏమిటో ఆ కథలో లేదు, వాళ్ళ పేర్లు ఉన్నాయి. షద్రకు, మేషకు, అబేద్నెగో దేవుడు రక్షించగలడన్నారు, రక్షించకపోయినా రాజు నిలబెట్టిన విగ్రహానికి మాత్రం మొక్కేది లేదన్నారు. "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అని పేతురూ అపొస్తలులూ యూదుల మహాసభ ఎదుట అన్నారు.

వీళ్ళంతా బైబిల్లో వాళ్ళు, మనలాంటివాళ్ళు కాదంటారా? ఫ్రాంజ్ యేగర్‌స్టెటర్ ఆస్ట్రియాలో ఒక పల్లెటూరి రైతు. భార్య, చిన్న పిల్లలు. హిట్లర్ సైన్యంలో చేరి యుద్ధం చేయడం దేవుని ఎదుట తప్పని అతనికి అనిపించింది. ఊళ్ళోవాళ్ళు వద్దన్నారు. సంఘ పెద్దలు, చివరికి బిషప్ కూడా, కుటుంబాన్ని చూసుకో, అది తేల్చాల్సినవాడివి నువ్వు కాదన్నట్టు మాట్లాడారు. సైన్యంలో ప్రతివాడూ హిట్లర్‌కి షరతుల్లేని విధేయత చూపిస్తానని దేవుని పేర ప్రమాణం చేయాలి. అతను ఆయుధం పట్టనన్నాడు. 1943 మార్చిలో జైల్లో పెట్టారు, జులైలో మరణశిక్ష వేశారు, ఆగస్టు 9న తల నరికారు. 2007లో కేథలిక్ సంఘం అతన్ని ధన్యుడిగా ప్రకటించింది. బతికున్నప్పుడు సలహా ఇచ్చినవాళ్ళ సంఘమే. జైల్లోంచి రాసినదాన్లో, నా చేతులకి సంకెళ్ళున్నాయి, అయినా నా ఇష్టానికి సంకెళ్ళు పడటం కంటే ఇదే నయమని అన్నాడు. ఆ రోజు ఆ దేశంలో ఎవరు స్వతంత్రులు? సలహా ఇచ్చినవాళ్ళా, జైల్లో ఉన్న రైతా?

అన్ని ఆజ్ఞలూ పాటించి కూడా బానిసగా ఉండిపోవచ్చని యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ చెప్తుంది. అందులోని ఇద్దరు కొడుకుల్లో మనకి చిన్నవాడే గుర్తుంటాడు. ఆస్తి పంచుకుని, దూరదేశం పోయి, స్వేచ్ఛ అనుకున్నది అనుభవించి, చివరికి ఎవడో పరాయివాడి పందులు మేపుతూ తేలాడు. పెద్దవాడి మాట వినండి: ఇన్నేళ్ళనుంచి నిన్ను సేవిస్తున్నాను, నీ ఆజ్ఞని ఎన్నడూ మీరలేదు, నువ్వు నాకొక మేకపిల్లనైనా ఇవ్వలేదు. కొడుకు మాట కాదిది, జీతం బాకీ ఉన్న పనివాడి మాట. చిన్నవాడు "నన్ను నీ కూలివాడిగా పెట్టుకో" అని చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాడు, తండ్రి ఆ మాట అననీయలేదు. పెద్దవాడు ఇంట్లోనే ఉండి తనకు తానే కూలివాడైపోయాడు. సంఘాల్లో మొదటి వరుస కుర్చీల్లో ఇలాంటి పెద్దకొడుకులే ఎక్కువ ఉంటారని నా అనుమానం.

ఇంత చెప్పినా నా స్నేహితులు చివరికి ఒక చోటికే వస్తారు. లోబడకపోతే నరకం అంటూ స్వేచ్ఛ గురించి మాట్లాడటమేమిటి, తలకి తుపాకీ పెట్టి నీ ఇష్టం అన్నట్టు లేదా అని. న్యాయమైన ప్రశ్నే. నరకం అనే మాటని అలా తుపాకీలా వాడిన ప్రసంగాలు నేనూ విన్నాను. అలాంటి ప్రసంగానికి చెయ్యెత్తినవాడు దేవుణ్ణి ప్రేమించాడని నేను నమ్మను. పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్ళగొడుతుందని యోహాను రాశాడు. పౌలు రోమా పత్రిక మొదటి అధ్యాయంలో దేవుని కోపాన్ని వర్ణిస్తూ పదేపదే వాడిన మాట "వారిని అప్పగించెను" అని. వాళ్ళు ఏది కోరుకున్నారో దానికే వదిలేశాడు. యిర్మీయా 34లో చూసిందే ఇది. తీర్పు గురించి అర్థం కానివి నాకు చాలా ఉన్నాయి. కానీ మనిషి 'వద్దు' అన్న మాటని కూడా దేవుడు చివరిదాకా గౌరవిస్తాడని మాత్రం నమ్ముతాను. ఆ గౌరవమే నన్ను నరకం బొమ్మలకంటే ఎక్కువ భయపెడుతుంది.

యోహాను ఆరో అధ్యాయంలో యేసు మాటలు కఠినంగా ఉన్నాయని ఆయన శిష్యుల్లోనే చాలామంది వెళ్ళిపోయారు. ఆయన మాట మెత్తబరచలేదు. వెళ్ళేవాళ్ళకి శాపం పెట్టలేదు, వాళ్ళ వెనక పరిగెత్తనూ లేదు. మిగిలిన పన్నెండుమందిని చూసి "మీరు కూడా వెళ్ళిపోవాలనుకుంటున్నారా?" అని అడిగాడు. బెదిరింపు కాదది, నిజంగానే తలుపు తీసి ఉంది. పేతురు ఎవరి దగ్గరికి వెళ్తాం ప్రభువా అన్నాడు. అంటే వెళ్ళడం గురించి ఆలోచించే ఉంటాడు. తన ముందు కూర్చున్నవాళ్ళని ఆ ప్రశ్న అడిగి, అవునన్నవాళ్ళని ప్రశాంతంగా సాగనంపగల పాస్టర్ గారు ఎక్కడైనా ఉంటే, ఆయన లోబడమని ఎన్ని ప్రసంగాలు చేసినా వినడానికి నాకు అభ్యంతరం లేదు.